మండపం యాంప్ ర్యాక్‌లో ఫ్యాన్ ట్రే, బ్లాంక్ ప్యానెళ్లు: చాలా వేసవులు వాడాక

గుంటూరు దగ్గర ఒక కల్యాణ మండపంలో సౌండ్ నేనే చూసుకుంటాను. స్టేజీ పక్క గదిలో యాంప్లిఫయర్లు (యాంప్‌లు) పెట్టే 18 యూ ఇనుప ర్యాక్ ఉంది, యూ అంటే ర్యాక్‌లో ఎత్తుకు కొలత. బరువు వల్ల అడుగున రెండు పాత క్లాస్ ఏబీ (ఎక్కువ వేడెక్కే రకం) యాంప్‌లు, వాటి మీద రెండు క్లాస్ డీ (తక్కువ వేడెక్కే రకం) యాంప్‌లు, పైన క్రాసోవర్ (శబ్దాన్ని హెచ్చు, తగ్గు స్వరాలుగా విడదీసే పెట్టె), కార్డ్‌లెస్ మైకుల రిసీవర్లు. దీనికి పైన ఒక ఫ్యాన్ ట్రే (ఫ్యాన్లు బిగించిన పళ్లెం), ఖాళీ సందులు మూసే రేకులైన బ్లాంక్ ప్యానెళ్లు కొన్ని, చిల్లులున్న వెంట్ ప్యానెల్ ఒకటి బిగించి ఎన్నో పెళ్లిళ్ల సీజన్లు నడిపాం. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నా మాట ముందే చెప్తాను. ప్యానెళ్లు కళ్లు మూసుకుని కొనండి. ఫ్యాన్ ట్రే మాత్రం గాలి ఎటు నుంచి ఎటు పోవాలో తేల్చుకున్నాకే.

యాంప్‌కీ యాంప్‌కీ మధ్య ఒక యూ, అంటే 44.45 మి.మీ. ఖాళీ వదిలితే చాలని మన సౌండ్ వాళ్లలో గట్టి నమ్మకం. లోపల ఫ్యాన్ లేకుండా పైమూతకు చిల్లులున్న యాంప్‌కు ఆ మాట నిజమే. వేడి గాలి దానంతట అదే పైకి లేస్తుంది కాబట్టి దానికి చోటు కావాలి. మా క్లాస్ ఏబీలు అలాంటివే, వాటి మధ్య ఖాళీ ఉంచాం. ముందు నుంచి పీల్చి వెనక్కి ఊదే యాంప్‌ల సంగతి వేరు. వాటి మధ్య సందు తెరిచి ఉంటే వెనక ఊదిన సెగ ఆ సందులోంచే ముందుకొచ్చి మళ్లీ యాంప్‌లోకి పోతుంది. మా క్లాస్ డీల మధ్య సందును బ్లాంక్ ప్యానెల్‌తో మూసేశాక, సంగీత్ పాటలు అర్ధరాత్రి దాకా మోగినా టెంపరేచర్ లైటు వెలగలేదు. అంతకుముందు మే నెలలో అది మామూలే. వట్టి రేకు ముక్క చేసిన పని ఇది. నా దృష్టిలో ర్యాక్‌లో పెట్టిన డబ్బుకు ఇంతకన్నా గిట్టుబాటైన వస్తువు లేదు.

వెనక నుంచి పీల్చి ముందుకు ఊదే యాంప్‌లూ ఉన్నాయి. రెండు రకాలూ ఒకే ర్యాక్‌లో కలిపితే ఒకదాని సెగే ఇంకోదాని ఊపిరి అవుతుంది. కొత్తది కొనేముందు మాన్యువల్‌లో బాణం గుర్తు చూడండి.

వెంట్ ప్యానెల్ మాత్రం అడుగునే ఉండాలి. చాలా మండపాల్లో దాన్ని ఫ్యాన్ ట్రే కిందనే బిగించడం చూశాను. ఫ్యాన్ దగ్గర్లోని ఆ చిల్లుల గాలినే లాగి పైకి పంపేస్తుంది, కింద యాంప్‌ల చుట్టూ ఉన్న వేడి అక్కడే ఉంటుంది.

ఎంత గాలి కావాలో లెక్క కష్టం కాదు. లోపల పుట్టే వేడిని వాట్లలో తీసుకుని 1.76తో గుణించి, ఎన్ని డిగ్రీల సెల్సియస్ పెరిగినా ఫర్వాలేదో ఆ అంకెతో భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో వస్తుంది. 500 వాట్ల వేడికి, 10 డిగ్రీల తేడాకు 88. ఫ్యాన్ మీద రాసిన అంకె అడ్డం లేనప్పటిది, ర్యాక్‌లో అంత రాదు. కాబట్టి లెక్కలో వచ్చినదానికి రెట్టింపు రాసి ఉన్నది తీసుకోవడం మేలు.

అయితే ఫ్యాన్ ట్రే దేన్నీ చల్లబరచదు, గదిలో గాలినే ర్యాక్‌లోకి తెస్తుంది. చాలా యాంప్‌లకు చుట్టూ ఉండే గాలి 40 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటుంది. మన వేసవిలో తలుపేసిన గది ఆ గీత దాటడానికి మధ్యాహ్నం కూడా అక్కర్లేదు. అందుకే తలుపు అడుగున జాలీ పెట్టించి ఏసీ హాలు గాలి గదిలోకి వచ్చేలా, గది వేడి వెంటిలేటర్‌లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ గుండా బయటికి పోయేలా చేశాం. ట్రే కన్నా దీని మేలే ఎక్కువ. యాంప్ లోపల కరెంటు నిల్వ చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు 10 డిగ్రీలు పెరిగితే సుమారు సగమవుతుంది. మా పాత ఏబీలు ఇంకా పాడుతున్నాయంటే ఆ జాలీ పుణ్యమే అని నమ్ముతాను.

ట్రేలో నాకు నచ్చనిది దుమ్ము వ్యవహారం. అది గాలిని బయటికి లాగే రకం కాబట్టి వెంట్ ప్యానెల్ వెనక స్పాంజ్ ఫిల్టర్ పెట్టినా మిగతా ప్రతి సందులోంచీ సాంబ్రాణి పొగ, పసుపు, దుమ్ము లోపలికి వస్తూనే ఉంటాయి. అడుగున ఫిల్టర్ గుండా లోపలికి ఊదే అమరిక అయితే ఈ బాధ తక్కువ. ఇప్పుడు కొత్తగా కట్టేవాళ్లకు అదే చెప్తాను. చప్పుడు కూడా ఉంది. పెళ్లి హాల్లో వినపడదు గానీ రికార్డింగ్ గదిలో మాత్రం పెట్టొద్దు.

ట్రేతో వచ్చిన ఫ్యాన్లు బుష్ బేరింగువి. ట్రేలో పడుకోబెట్టి బిగిస్తారు కాబట్టి ఇరుసు నిలువుగా ఉంటుంది, అలా తిరిగితే బుష్ త్వరగా అరుగుతుంది. మావి గరగరమని మొదలెట్టాక హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో 230 వోల్టుల బాల్ బేరింగ్ ఫ్యాన్లు తెచ్చి వేశాను, ఇప్పటికీ అవే. ట్రే కొనేటప్పుడు ఫ్యాన్లు స్క్రూలతో బిగించి ఉన్నాయో లేదో చూడండి. రివెట్లు కొట్టినవైతే ఎంత చవకైనా వద్దు.