బెయిట్‌కాస్టింగ్ రీల్: పక్క మూత మీది నంబర్ల చక్రంతో ఏడాదిన్నర

వరంగల్ చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టడానికి ఏడాదిన్నరగా వాడుతున్న రీల్ ఇది. ఎర విసిరితే దారం చుట్టిన స్పూలు (చుట్ట) తిరుగుతూ దారం వదులుతుంది. కొత్తవాళ్లు దీన్ని విసుగొచ్చి అటక మీద పడేయకుండా కాపాడేది ఎడమ పక్క మూత మీదున్న, స్పూలు జోరు తగ్గించే అయస్కాంతం బ్రేకే. 0 నుంచి 10 దాకా నంబర్లున్న చిన్న చక్రం, నంబరు పెరిగితే పట్టు పెరుగుతుంది. ఎంతో మంచి ఏర్పాటు.

విసిరిన ఎర గాల్లో నెమ్మదించినా స్పూలు అదే జోరుమీద తిరుగుతుంది. బయటికి పోయే దారం కన్నా లోపల ఊడే దారం ఎక్కువై పిట్టగూడులా చిక్కుపడుతుంది. అందుకే ముందు హ్యాండిల్ పక్కనున్న టెన్షన్ మరను సరిచూడాలి: స్పూలును వదిలే బొత్తాం నొక్కితే ఎర మెల్లగా దిగాలి, నేల తాకగానే స్పూలు ఆగాలి. ఎర బరువు మారిన ప్రతిసారీ ఇది మళ్లీ చూసుకోవాల్సిందే. ఆపైన చక్రం 8 మీద పెడితే మొదటిరోజే చిక్కుల బాధ చాలావరకు తప్పుతుంది.

నా కోపమల్లా ఆ చక్రాన్ని పెట్టిన చోటు మీదే. కుడిచేత్తో విసిరి, రాడ్‌ను ఎడమ చేతికి మార్చి, రీల్‌ను అరచేతిలో ఇముడ్చుకుని చుడతాం కదా. గుర్రపుడెక్కలోంచి కొర్రమట్టను బలంగా లాగుతున్నప్పుడు అరచెయ్యి చక్రాన్ని రుద్దుతుంది. 8 మీద ఉన్నది చప్పుడు లేకుండా 4కి జారుతుంది. మళ్లీ విసిరితే, అందులోనూ ధర్మసాగర్ కట్ట మీద ఎదురుగాలికి, స్పూలు నిండా గూడే. తప్పు స్పూలును ఆపే బొటనవేలిదనుకుని కొత్తవాళ్లు టెన్షన్ మర బిగిస్తారు. అది స్పూలు ఇరుసును నొక్కేస్తుంది, ఎర సగం దూరంలోనే పడుతుంది, అసలు రోగం అలాగే ఉంటుంది. సగం చక్రం మీద, సగం మూత మీద పడేలా చిన్న ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తే సరిపోతుంది. అంటించినా విసిరే ముందు నంబరు చూసుకోండి.

గూడు కడితే ఉచ్చుల్ని పట్టి లాగొద్దు. స్పూలును బొటనవేలితో గట్టిగా అదిమి హ్యాండిల్ రెండు చుట్లు తిప్పి, వేలు తీసి దారం మెల్లగా లాగాలి. మూడు నాలుగు సార్లలో చాలా చిక్కులు విడిపోతాయి. నొక్కు పడ్డ తంగూసును (నైలాన్ దారాన్ని) కోసేయండి, చేప బరువుకు అక్కడే తెగుతుంది.

మొదట్లో ఈ బ్రేకును నేను మరీ ఎక్కువ మెచ్చుకున్నాను. స్పూలు వేగాన్ని బట్టే అయస్కాంతం పట్టు ఉంటుంది. ఎర నీళ్లను తాకే క్షణానికి స్పూలు నెమ్మదించి ఉంటుంది కాబట్టి పట్టు కూడా తక్కువే. అక్కడ ఆపాల్సింది బొటనవేలే. నెలల తరబడి 8 మీదే ఉంచితే వేలికి ఆ పని రాదు. వారానికో నంబరు తగ్గిస్తూ 4 దాకా రండి, ఎదురుగాలి ఉంటే మళ్లీ రెండు పెంచండి.

నేర్చుకునేటప్పుడు 0.35 మి.మీ. తంగూసును స్పూలు అంచుకు 3 మి.మీ. కిందిదాకా చుట్టండి. బ్రెయిడ్ (అల్లిక దారం) తర్వాత చూసుకోవచ్చు. అది ఉత్త స్పూలు మీద జారుతుంది కాబట్టి అడుగున కొన్ని చుట్లు తంగూసు వేయాలి. కోసిన పొలంలో గాలం లేని 14 గ్రాముల సీసం గుండుతో అలవాటు చేసుకుంటే మంచిది.

నేను వేసేది కలుపు నిండిన చెరువుల్లో, రబ్బరు కప్పతో, కొర్రమట్ట కోసం. ఆ పనికి దీన్ని వదలను. ఎర్రలు గుచ్చి బెండు గాలం వేసేవాళ్లకు, 7 గ్రాములకు లోపు ఎరలు వాడేవాళ్లకు విసిరినప్పుడు స్పూలు తిరగని స్పిన్నింగ్ రీలే హాయి. కొనేముందు అరచెయ్యి మూతకు ఆనించి గట్టిగా నాలుగు చుట్లు తిప్పి చూడండి. నంబరు కదిలితే ఇంకోటి చూపించమనండి.