1/350 అని అమ్ముతున్న పాత విక్రాంత్ కిట్: డబ్బు కట్టేముందు టేపు పెట్టించండి

మోడల్ షిప్పులు కట్టేవాళ్లకి, ముఖ్యంగా మన నేవీ ఓడల కిట్ల కోసం వెతుకుతున్నవాళ్లకి ఈ హెచ్చరిక. "ఐఎన్ఎస్ విక్రాంత్ 1971, 1/350 స్కేల్, ఫుల్ రెజిన్ కిట్" అని సోషల్ మీడియాలో ఒకాయన అమ్ముతున్నాడు. విక్రాంత్ అంటే మన నేవీ మొదటి విమానవాహక నౌక. 1/350 అంటే అసలు ఓడలో 350వ వంతు సైజు. రెజిన్ అంటే గట్టిపడే ఒక రకం ప్లాస్టిక్. నేను కొన్నాను. కిట్‌కి 14,500, "ఒరిజినల్ నేవీ డ్రాయింగ్స్" అని ఇంకో 2,000, కొరియర్‌కి 850. మొత్తం 17,350 రూపాయలు. వచ్చినది 1/350 కాదు, 1971 నాటి ఓడా కాదు. డ్రాయింగ్స్ సంగతి చివర్లో చెప్తాను, అది వేరే కథ.

ఎందుకు పడ్డానో ముందు చెప్పాలి. మాది విశాఖపట్నం. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మా హార్బర్ బయట పేలి మునిగిపోయినప్పుడు అమ్మ వన్‌టౌన్‌లో ఉండేది. కిటికీ రెక్కలు కొట్టుకున్న చప్పుడు గురించి ఇప్పటికీ చెప్తుంది. ఆ ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది విక్రాంత్ కోసమే. విక్రాంత్ మాత్రం అప్పటికే అండమాన్ వైపు దూరంగా ఉంది. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది కాబట్టి దాని మోడల్ కట్టాలంటే టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి చూసుకోవచ్చు. విక్రాంత్‌కి ఆ దారి లేదు. 1997లో నేవీ నుంచి రిటైరై, ముంబైలో మ్యూజియంగా కొన్నేళ్లుండి, 2014లో తుక్కు కింద అమ్ముడుపోయింది. దాని ఇనుములో కొంత బజాజ్ వీ15 బైకుల్లోకి వెళ్లింది. అంటే సిగ్నల్ దగ్గర మన పక్కన ఆగి ఉండొచ్చు గానీ, వెళ్లి కొలుచుకునే ఓడ మాత్రం లేదు. పెద్ద కంపెనీల బాక్సుల్లో జర్మనీ బిస్మార్క్, జపాన్ యమాటో యుద్ధ ఓడలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. పాత విక్రాంత్ దొరకడం కష్టం. అలాంటిది కనపడేసరికి మనసు ఆగలేదు.

మూడు వారాల్లో పంపుతానన్నాడు, పదకొండు వారాలకి వచ్చింది. అది పెద్ద తప్పుగా నేను లెక్కపెట్టను, చేత్తో చేసేవాళ్లకి ఆలస్యం అవుతుంది. అట్టపెట్టెలో పాత న్యూస్‌పేపర్లు ఉండచుట్టి, వాటి మధ్య మూడు ముక్కలుగా హల్ (ఓడ ఒళ్లు), రెండు ముక్కలుగా ఫ్లైట్ డెక్ (విమానాలు లేచి దిగే పైభాగం), ఒక జిప్ కవర్లో చిన్న సామాను. వివరణ కాగితం లేదు. రెయిలింగులు, రాడార్ల కోసం ఫొటో ఎచ్ షీటు (సన్నని భాగాలు చెక్కిన పలుచటి లోహపు రేకు) ఉంటుందని పోస్టులో రాశాడు, అదీ లేదు. అడిగితే "అన్నా, అది నెక్స్ట్ బ్యాచ్‌లో వస్తుంది" అన్నాడు.

స్కేలు తప్పని నాకు వెంటనే తెలియలేదు. ఇక్కడే నా మీద నాకు కోపం. నా దగ్గర ఓ స్నేహితుడిచ్చిన 1/350 సీ హాక్ విమానాల బొమ్మలు ఆరు ఉన్నాయి. సీ హాక్ అంటే అప్పట్లో విక్రాంత్ మీద ఉండే జెట్. రెక్కలు మడిచి పెట్టినవి. సరదాకి డెక్ మీద పేర్చి చూశాను. ఏదో పెళ్లి పందిట్లో లారీలు ఆపినట్టుంది. ఒకదాన్ని లిఫ్ట్ మీద పెట్టాను, ముక్కు బయటికి వచ్చింది. విమానం హ్యాంగర్ నుంచి పైకి రావడానికే కదా లిఫ్ట్, అందులో విమానం పట్టకపోతే ఇంకెందుకు? మొదట విమానాలే పెద్దవేమో అనుకున్నాను. సీ హాక్ పొడవు దాదాపు 12 మీటర్లు, 1/350లో 34 మిల్లీమీటర్లకి కొంచెం పైన ఉండాలి. కొలిస్తే అంతే ఉంది.

అప్పుడు టేపు తీశాను. విక్రాంత్ పూర్తి పొడవు 700 అడుగులు. దాన్ని 350తో భాగిస్తే రెండడుగులు, అంటే 24 అంగుళాలు. కాగితం కూడా అక్కర్లేదు, నోటి లెక్క. మూడు ముక్కలూ కలిపి పెట్టి కొలిస్తే 21 అంగుళాలు వచ్చింది. 700ని 400తో భాగించండి, సరిగ్గా 21 అంగుళాలే. అది 1/400 కిట్. పేరు మీద మాత్రం 1/350 అని పెట్టాడు.

మూడంగుళాలే కదా అనుకోకండి. పొడవుతోపాటు వెడల్పు, ఎత్తు కూడా తగ్గుతాయి కాబట్టి మొత్తం సైజు మూడోవంతు పడిపోతుంది. పట్టే రెజిన్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది, ధర మాత్రం తగ్గలేదు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, 1/350 కోసం విడిగా కొనే విమానాలు, రెయిలింగులు, తుపాకులు, మనుషుల బొమ్మలు ఏవీ దీని మీద కూర్చోవు. ఓడల్లో 1/350కి, 1/700కి దొరికినంత సామాను 1/400కి దొరకదు. హల్ తప్పు సైజులో వస్తే మిగతా సామానంతా దండగే.

ఇక 1971 సంగతి. డెక్ ముందు భాగం పైకి వంపు తిరిగి ఉంది. అది స్కీ జంప్, అంటే విమానం పైకి లేవడానికి పెట్టిన వాలు. బంగ్లాదేశ్ యుద్ధంలో విక్రాంత్ ముందు భాగం చదునుగా ఉండేది. ఆవిరితో నడిచే కాటపుల్ట్ విమానాన్ని విసిరేది. సీ హాక్‌లు, ఫ్రాన్స్ నుంచి కొన్న అలిజే విమానాలు అలాగే లేచి కాక్స్ బజార్ మీదా చిట్టగాంగ్ మీదా దాడి చేశాయి. స్కీ జంప్ వచ్చింది 1980లలో, సీ హారియర్ జెట్లు వచ్చాక. ముంబైలో మ్యూజియంగా ఉన్నప్పుడు జనం చూసినదీ, ఫొటోలు తీసుకున్నదీ ఆ ఆఖరి రూపాన్నే. నెట్లో కలర్ ఫొటోలు ఎక్కువగా అవే. ఆ ఫొటోలు చూసి ఓడ చేసి, పైన 1971 అని చీటీ అంటించాడు. ఈ సంగతి ఫోన్లో చెప్తే అతను అన్న మాట ఇది: "అన్నా, విక్రాంత్ అంటేనే ముందర వంపు ఉంటుంది, కావాలంటే గూగుల్ చేయండి." నేనేం మాట్లాడను!

చిన్న సామాను కవర్లో డెకల్ షీటు (అంటించే గుర్తులు, నంబర్లు) ఉంది. అందులో డెక్ మీద అంటించే నంబరు ఆర్ 22. అది మన నేవీ మరో విమానవాహక నౌక విరాట్ నంబరు. విక్రాంత్‌ది ఆర్ 11. ఇది చూశాక కోపం పోయి నవ్వొచ్చింది.

ఇవన్నీ సర్దుకోవచ్చు అనుకునేవాళ్లు ఉంటారు. స్కీ జంప్ కోసేసి, ప్లాస్టిక్ షీటు అతికించి, పుట్టీ పెట్టి చదును చేయొచ్చు. నేనూ అదే అనుకుని మొదలుపెట్టాను. అందరికీ తెలియాల్సిన ప్రమాదం అక్కడే బయటపడింది.

ఇది 3డీ ప్రింటర్ మీద తీసిన రెజిన్. ప్రింట్ అయ్యాక దాన్ని ఆల్కహాల్‌లో కడిగి, యూవీ లైట్ కింద బాగా గట్టిపడనివ్వాలి. రెజిన్ మిగుల్చుకోవడానికి పెద్ద భాగాల లోపల బోలుగా తీస్తారు, అది తప్పేమీ కాదు. అలా తీసినప్పుడు అడుగున చిన్న చిన్న కన్నాలు పెట్టి, లోపల చిక్కుకున్న పచ్చి రెజిన్ కారిపోనివ్వాలి, లోపల కూడా కడగాలి. ఇతను కన్నాలు పెట్టలేదు. ఓ కాగితం మీద పెట్టి ఉంచిన మధ్య ముక్క రెండు వారాలకి నిలువునా పగిలింది. పగుల్లోంచి తేనెలా జిగటగా కారింది. గదంతా వాసన. అమ్మ వచ్చి "ఒరేయ్, ఏం ఒలకబోశావురా, తల తిరుగుతోంది" అంది. తెలియక చేత్తో తుడిచాను. మర్నాటికి వేళ్ల మధ్య ఎర్రగా దద్దుర్లు, దురద. గట్టిపడని రెజిన్ చర్మానికి పడదు, కొందరికి ఒకసారి ఎలర్జీ మొదలైతే ప్రతిసారీ వస్తుందని డాక్టరు చెప్పారు. ఇప్పుడు నేను నైట్రైల్ గ్లౌజులు లేకుండా ఏ రెజిన్ ముక్కా ముట్టుకోవడం లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా జాగ్రత్త. పైపైన జిగటగా తగిలినా, ఘాటు వాసన వచ్చినా దాన్ని శాండ్ పేపర్ పెట్టి రుద్దకండి. గట్టిపడిన రెజిన్ని రుద్దేటప్పుడు కూడా మాస్కు కట్టుకుని, నీళ్లలో తడిపిన పేపర్‌తో రుద్దండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ప్రింట్ తీసి అమ్మేవాళ్లందరూ ఇంతే అని అనడం లేదు. హైదరాబాద్‌లో ఒక కుర్రాడి దగ్గర 1/350 తుపాకులు కొన్నాను. అడక్కుండానే ప్రతి ముక్క పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపాడు. ఒకటి విరిగి వస్తే నాలుగు పంపాడు. తేడా అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు డ్రాయింగ్స్. రెండువేలు పెట్టి కొన్న "ఒరిజినల్ విక్రాంత్ డ్రాయింగ్స్" అంటే మసకబారిన స్కాన్ చేసిన ఆరు పేజీల పీడీఎఫ్. పేజీ పైన పేరు ఉండే చోట తెల్ల పట్టీ వేసి చెరిపేశారు. డెక్ చూస్తే ఈ చివర నుంచి ఆ చివరి దాకా సూటిగా ఉంది. పక్కకి వంగిన యాంగిల్డ్ డెక్ ఎక్కడా లేదు. ఓడ చరిత్ర కొంచెం తెలిసినా ఇది పట్టేయొచ్చు. బ్రిటన్‌లో దీని పేరు హెర్క్యులిస్. 1943లో మొదలుపెట్టి, 1945 సెప్టెంబరులో నీళ్లలోకి దించారు. యుద్ధం అయిపోవడంతో పని ఆపేసి పక్కన కట్టేశారు. 1957లో మనవాళ్లు కొని, బెల్‌ఫాస్ట్‌లో యాంగిల్డ్ డెక్, ఆవిరి కాటపుల్ట్ పెట్టించి పూర్తి చేయించారు. 1961 మార్చి 4న అక్కడే విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా నేవీలో చేరింది. అంటే సూటి డెక్‌తో ఈ ఓడ ఒక్కరోజు కూడా పనిచేయలేదు. నాకు అమ్మింది ఎప్పుడూ సముద్రంలో తిరగని ఓడ బొమ్మ. ఇలాంటి పాత బ్రిటిష్ విమానవాహక నౌకల స్కాన్లు నెట్లో ఊరికే దొరుకుతాయి.

డ్రాయింగ్స్ కొనేటప్పుడు ఏ ఓడ అని అడిగితే చాలదు, ఏ సంవత్సరంలో ఆ ఓడ అని అడగండి. ఒకే ఓడ ముప్పై ఆరేళ్లలో ఎన్నిసార్లు రూపం మార్చుకుందో అమ్మేవాడికి తెలిస్తే వెంటనే జవాబొస్తుంది. తెలియకపోతే "అన్నీ ఒకటే అన్నా" అంటాడు. నాకు అదే జవాబొచ్చింది, అయినా డబ్బు పంపాను.

డబ్బు వెనక్కి రాబట్టుకునే ప్రయత్నం గురించి రెండు ముక్కలు. నేను యూపీఐలో అతని సొంత నంబరుకి పంపాను. కార్డు మీద కొని ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేసే దారి ఉండేది. పార్సిల్ విప్పుతూ వీడియో తీయలేదు, ఆ ఒక్క మాట పట్టుకుని "దార్లో విరిగిందేమో, నాకేం తెలుసు" అన్నాడు. స్కేలు దార్లో విరగదు కదా బాబూ అంటే, తర్వాతి కిట్ మీద రెండువేలు తగ్గిస్తానన్నాడు. తర్వాత బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు. వాట్సాప్ చాట్లు, టేపు పెట్టిన ఫొటోలు, పగిలిన హల్ ఫొటోలు అన్నీ జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఆన్‌లైన్‌లో కూడా వేశాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి వెళ్లక్కర్లేదు. ఐదు లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. నా కేసు ఇంకా తేలలేదు. మీకు అసలు పార్సిలే రాకుండా మనిషి మాయమైతే మాత్రం సైబర్ క్రైమ్ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి, అక్కడ గంటలు కూడా లెక్కే.

అతను ఇప్పుడు పేరు మార్చి మళ్లీ అమ్ముతున్నాడు, ఈసారి ధర 16,000. గుర్తుపట్టడానికి: ఆకుపచ్చ కటింగ్ మ్యాట్ మీద బూడిదరంగు హల్, ఎడమవైపు మూలలో స్టీలు గ్లాసు. ఓడ ముందు భాగం ఫొటోలో పడకుండా కత్తిరించి ఉంటుంది, స్కీ జంప్ కనపడకుండా. మ్యాట్ మీద సెంటీమీటర్ గళ్లు ఉన్నాయి. నేను ఆ ఫొటోని పెద్దది చేసి గళ్లు లెక్కపెట్టాను. కనపడినంతలో మధ్య ముక్క పొడవు నా దగ్గర పగిలిన దానికి సరిగ్గా సరిపోయింది.