200 ఆంపియర్ల పెట్టె: మూత తీస్తే కనబడేది

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అయినా, విజయవాడ ఆటోనగర్‌లో అయినా వెల్డింగ్ మిషన్ల దుకాణానికి వెళ్తే అరల నిండా ఒకటే అంకె: 200 ఆంపియర్లు. ఆరేడు వేల పెట్టె మీదా అదే, పదిహేను వేల పెట్టె మీదా అదే. రెండూ మెరుస్తుంటాయి. రెండింటికీ ఎర్ర అంకెల డిస్‌ప్లే ఉంటుంది. రెండింటితోనూ ఒక హోల్డరు, ఒక ఎర్త్ క్లాంపు, ఒక వైరు బ్రష్షు ఉచితం. గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీల పని చేసే చిన్న షాపుకి సింగిల్ ఫేజ్ మీద నడిచే ఇన్వర్టర్ ఆర్క్ మిషన్లు (బ్యాటరీ ఇన్వర్టర్ కాదు, లైన్ కరెంటుని ఎలక్ట్రానిక్ బోర్డుతో మార్చి రాడ్డు కాల్చేవి) ఈ రెండు ధరల్లో ఎలా కట్టి ఉంటాయో ఇక్కడ పోల్చి చూద్దాం. కంపెనీ పేర్లు రాయడం లేదు. ఒకే బోర్డు, ఒకే డబ్బా నాలుగైదు స్టిక్కర్లతో బజారుకి వస్తుంది. స్టిక్కరు మారకుండానే లోపలి బోర్డు మారిపోవడమూ ఉంది.

ముందు చూడాల్సింది ముందు వైపు పెయింట్ చేసిన అంకెని కాదు, వెనక అతికించిన రేటింగ్ ప్లేటుని. ప్లేటే లేకపోతే ఆ మిషన్ గురించి ఇంక మాట్లాడుకోనవసరం లేదు. ఉంటే అందులో మూడు అంకెలు పట్టుకోవాలి. ఐ2 అంటే మిషన్ ఇచ్చే కరెంటు. ఎక్స్ అంటే డ్యూటీ సైకిల్: పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా కాల్చవచ్చో చెప్పే శాతం. ఐ1 మ్యాక్స్ అంటే లైన్ నుంచి మిషన్ లాగే కరెంటు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగకపోతే ప్లేటు అబద్ధం చెబుతున్నట్టే.

లెక్క తేలికే. రాడ్డు వెల్డింగులో ఆర్క్ వోల్టేజీకి ప్రమాణం ఇది: ఆంపియర్లని 0.04తో గుణించి 20 కలపాలి. 200 ఆంపియర్లకు 28 వోల్టులు వస్తుంది. అంటే బయటికి వచ్చే శక్తి 5.6 కిలోవాట్లు. మామూలు ఇన్వర్టర్‌లో పదిహేను శాతం వేడిగా పోతుంది, పవర్ ఫ్యాక్టరు (లైన్ నుంచి లాగేదానిలో నిజంగా పనికి వచ్చే వంతు) 0.7 దగ్గర ఉంటుంది. ఆ లెక్కన 230 వోల్టుల మీద ఈ మిషన్ దాదాపు 40 ఆంపియర్లు లాగాలి. ప్లేటు మీద 38 అనో 41 అనో ఉంటే నమ్మవచ్చు. 200 ఆంపియర్లు ఇస్తుందని రాసి, పక్కనే ఐ1 మ్యాక్స్ 22 అని రాసిన ప్లేట్లు బజార్లో బోలెడున్నాయి. 22ని 230తో గుణిస్తే ఐదు వేల చిల్లర వస్తుంది. లోపలికి పోయేదే ఐదు కిలోవాట్లయితే బయటికి ఐదున్నర ఎలా వస్తుంది? లేని కరెంటుని పుట్టించే వెల్డింగ్ మిషన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

డ్యూటీ సైకిల్ దగ్గర మోసం ఇంకాస్త తెలివిగా ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దీన్ని 40 డిగ్రీల వాతావరణంలో లెక్కకట్టాలి. 25 డిగ్రీల గదిలో కొలిచి 60 శాతం అని రాసుకున్న మిషన్, మే నెలలో రేకుల షెడ్డు కింద అందులో సగం నిలిచినా గొప్పే. పోల్చడానికి ఒక చిట్కా ఉంది: ఆంపియర్లను వాటితోనే గుణించి, దాన్ని డ్యూటీ శాతంతో గుణిస్తే వచ్చే విలువ ఒక మిషన్‌కి దాదాపు మారదు. 200 ఆంపియర్లకు 60 శాతం ఉన్న మిషన్ ఆగకుండా 155 ఆంపియర్లు ఇస్తుంది. 200కి 20 శాతమే ఉన్నదైతే ఆగకుండా ఇచ్చేది 90 లోపు. రెండింటి మీదా 200 అనే రాసి ఉన్నా, మొదటిది 8 గేజు రాడ్డుని (గేజు అంకె తగ్గేకొద్దీ రాడ్డు లావు) సైతం తాపీగా కాలుస్తుంది, రెండోది 10 గేజు రాడ్డుకే ఆయాసపడుతుంది.

ప్లగ్గు కూడా చాలా చెబుతుంది. ఇంట్లో గీజరుకు వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు బిగించి ఇచ్చిన మిషన్‌తో నిజాయితీగా వచ్చేది 90, 95 ఆంపియర్లే. 12 గేజు రాడ్డుకి అది చాలు. 10 గేజు రాడ్డుని 120 దగ్గర పెట్టి కాలిస్తే లైన్ మీద 22 ఆంపియర్లు నడుస్తాయి, ప్లగ్గు పిన్నులు నల్లబడి సాకెట్టుకి అంటుకుపోతాయి. మంచి మిషన్‌కి ప్లగ్గు ఉండదు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు బయటికి వదిలి ఉంటుంది. 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్టు మనమే పెట్టించుకోవాలి. వెనక స్విచ్ కూడా చూడండి. మిక్సీకి ఉండేలాంటి చిన్న నొక్కుడు స్విచ్ ఉంటే అది మొదటి సంవత్సరంలోనే కరిగిపోతుంది. 40 లేదా 63 ఆంపియర్ల ఎమ్‌సీబీనే స్విచ్‌గా బిగించి ఉంటే ఆ తయారీదారు కనీసం ఆలోచించాడు.

ఇక మూత తీయడం. సీలు పగిలితే వారంటీ పోతుంది కాబట్టి దుకాణంలో డెమో పీసునో, రిపేరుకొచ్చిన అదే మోడల్‌నో చూపించమని అడగాలి. ఒక హెచ్చరిక: ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మల్టీమీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.

తెరిస్తే మొదట కంటికి కనిపించేది బోర్డుల అమరిక. ఒకదాని మీద ఒకటి మూడంతస్తులుగా పేర్చి, డజను పైగా చిన్న ట్రాన్సిస్టర్లు వరసగా నిలబెట్టి ఉంటే అది మాస్ఫెట్ మిషన్. ఒకే అడ్డ బోర్డు మీద నాలుగో ఆరో లావుపాటి ట్రాన్సిస్టర్లుంటే ఐజీబీటీ. రెండూ ట్రాన్సిస్టర్ రకాల పేర్లే. మాస్ఫెట్ చెడ్డదని కాదు, ఆర్క్ మెత్తగానే వస్తుంది. చిక్కు రిపేరులో ఉంది. డజను ముక్కలు భారాన్ని పంచుకుంటాయి కాబట్టి ఒకటి షార్టయితే వరస మొత్తాన్ని లాక్కుపోతుంది, వాటిని నడిపే డ్రైవర్ బోర్డూ కాలుతుంది. ఒక్కటి మార్చి సరిపెట్టలేరు, సెట్టు మొత్తం ఒకే బ్యాచ్‌ది వేయాలి. ఐజీబీటీలో మార్చాల్సినవి తక్కువ, మెకానిక్‌కి చెయ్యి పట్టే చోటూ ఎక్కువ. అలాగని పెట్టె మీద ఐజీబీటీ అని ఉన్నంత మాత్రాన సంబరపడక్కర్లేదు. 600 వోల్టుల, 40 ఆంపియర్ల రకం వేశారా, 60 ఆంపియర్లదా అన్నది దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. ఆ అచ్చుని ఇసుక కాగితంతో గీకేసి ఉంటే ఆ మిషన్ పక్కన పెట్టేయండి.

తర్వాత కెపాసిటర్లు. 200 ఆంపియర్ల పనికి మొత్తం 2,000 మైక్రోఫారడ్ల దగ్గర ఉండటం మంచి లెక్క: 680 మైక్రోఫారడ్లవి మూడు గాని, 470 మైక్రోఫారడ్లవి నాలుగు గాని. చవక పెట్టెల్లో 470వి రెండే వేసి మూడోదానికి ఖాళీ గుండ్రం వదిలేస్తారు. బోర్డు గీసినవాడు మూడు కావాలన్నాడు, బిగించినవాడు వద్దనుకున్నాడు. ఆర్క్ గరగరలాడటం, కెపాసిటరు తల ఉబ్బడం అక్కడి నుంచే మొదలవుతాయి. వోల్టేజీ రేటింగు ఇంకా ముఖ్యం. 230 వోల్టుల లైన్‌ని డీసీ చేస్తే 325 వస్తుంది, రాత్రిపూట లైన్ 270కి లేస్తే 382. అంటే 400 వోల్టుల కెపాసిటరు అంచు మీద నడుస్తున్నట్టే. 450 వోల్టులది తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగి సింగిల్ ఫేజ్ లైన్లోకి 400 పైగా వస్తే మాత్రం ఎంత మంచి సింగిల్ ఫేజ్ మిషనైనా దక్కదు. దానికి మందు మిషన్‌లో లేదు, మీటరు బోర్డు దగ్గర ఓవర్ వోల్టేజీ కటాఫ్ పెట్టించుకోవడమే.

హీట్ సింక్ (వేడిని బయటికి వదిలే అల్యూమినియం రెక్కల దిమ్మ) విషయంలో బరువే తూకం. నిజంగా 60 శాతం డ్యూటీ ఉన్న 200 ఆంపియర్ల ఫ్యాను మిషన్ ఆరు కిలోలకు తగ్గడం కష్టం. మూడున్నర కిలోల పెట్టె చేతికి హాయిగా ఉంటుంది, కానీ తగ్గిన బరువంతా అల్యూమినియం రెక్కలదీ రాగిదీ. ఫ్యాను గాలి ఆ రెక్కల మధ్య నుంచి మాత్రమే పోయేలా సొరంగంలా అడ్డుగోడ కట్టి ఉంటే అది మంచి డిజైను. గాలి సూటిగా కంట్రోల్ బోర్డు మీద పడుతుంటే, పక్కన గ్రైండింగు చేసిన ప్రతిసారీ ఇనుప రజను ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య చేరుతుంది. వానాకాలం తేమ దానికి తోడైతే ఒక రోజు స్విచ్ వేయగానే టప్పుమంటుంది. గేట్ల షాపుల్లో మిషన్లు పోవడానికి పెద్ద కారణం ఇదే. ఎక్కువ ఆంపియర్లు పెట్టడం కాదు, రజను. అందుకే బోర్డు మీద వార్నిష్ పూత ఉందా లేదా అని టార్చి వేసి ఏటవాలుగా చూడాలి. పూత ఉంటే పలచగా మెరుస్తుంది, టంకం చుక్కల మీద కూడా. పూత ఉన్న మిషన్‌కైనా నెలకోసారి గాలి కొట్టించాలి. రెండు బార్ల ఒత్తిడి చాలు, ఫ్యాను రెక్కని వేలితో పట్టుకుని కొట్టాలి. టైర్ల షాపు గన్నుతో సూటిగా కొడితే ఫ్యాను విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది.

లోపలి ట్రాన్స్‌ఫార్మర్, చోక్ చుట్లలో రాగి పేరుతో అల్యూమినియం వేయడం మామూలైపోయింది. వార్నిష్ రంగు చూసి మోసపోవద్దు. చివరి కొస దగ్గర బ్లేడుతో కొద్దిగా గీస్తే తెల్లగా వచ్చిందో ఎర్రగా వచ్చిందో తెలిసిపోతుంది. ముందు వైపు కేబుల్ దూర్చే సాకెట్లకు చిన్న అయస్కాంతం ఆనించండి. ఇత్తడైతే అంటదు, పూత వేసిన ఇనుమైతే అంటుతుంది. ఇనుపది 120 ఆంపియర్లకే కాగి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని ముడుస్తుంది. సైజులోనూ పిసినారితనం చేస్తారు: 200 ఆంపియర్లకు 35 నుంచి 50 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ పట్టే సాకెట్టు ఉండాలి, 25 వరకే పట్టే చిన్నది కాదు.

ఉచితంగా వచ్చే హోల్డరు, కేబుల్ లెక్కలోకి తీసుకోవద్దు. వాటిని పక్కన పడేసి 25 లేదా 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ విడిగా కొనాలి.

పల్లెల్లో అసలు పరీక్ష లో వోల్టేజీ. లైన్ 180కి పడితే మామూలు మిషన్‌లో ఖాళీ వోల్టేజీ (రాడ్డు అంటించక ముందు ఉండేది) 65 నుంచి 51కి జారుతుంది. మామూలు పనికి వాడే 6013 రకం రాడ్డు ఎలాగో కాలుతుంది, ఎక్కువ ఖాళీ వోల్టేజీ కోరే 7018 రకం మాత్రం అంటుకోవడానికే మొరాయిస్తుంది. లోపలి రిలే కటకట కొట్టుకుంటూ, దాని పక్కనున్న స్టార్టింగ్ రెసిస్టరుని కాల్చేస్తుంది. పొలంలో ట్రాలీ దగ్గరికి యాభై మీటర్ల వైరు లాగి 10 గేజు కాలుస్తుంటే, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులోనే 15 వోల్టులు పోతాయి. 1.5 వైరైతే 25. అసలే తక్కువగా ఉన్న లైన్‌కి అది చావుదెబ్బ. అలాంటి చోట పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ ఉన్న మిషన్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం న్యాయమే. అదే పనికి లైన్ నుంచి లాగే కరెంటు బాగా తగ్గుతుంది, జనరేటరూ చిన్నది సరిపోతుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్‌ని కొట్టిపారేయడానికి లేదు. రెండు ఫేజుల మీద 415 వోల్టులకు నడిచే రాగి చుట్ల మిషన్‌కి రజను లెక్కలేదు, ఎండ లెక్కలేదు. ఇరవై ఏళ్ల తర్వాత కాలినా ఊళ్లో మోటార్లు చుట్టేవాళ్లే మళ్లీ చుట్టి ఇస్తారు. ఖర్చు మరోచోట తగులుతుంది: ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, పవర్ ఫ్యాక్టరు 0.5 దగ్గర ఉంటుంది, ఏసీ ఆర్క్ కాబట్టి పల్చటి స్క్వేర్ పైపు మీద చిల్లులు పడతాయి. త్రీ ఫేజ్ ఉండి, కదలకుండా ఒకేచోట మందపాటి యాంగిల్, ఛానెల్ కాల్చే షాపుకి ఇప్పటికీ ఇదే మేలు. సైటుకి మోసుకెళ్లేవాళ్లకు ఇన్వర్టర్ తప్పదు. అందులో చవక పెట్టె ఇంట్లో అప్పుడప్పుడూ కుర్చీ కాలు అతికించుకోవడానికి సరిపోతుంది. రోజూ వంద రాడ్లు కాల్చే షాపుకి 450 వోల్టుల కెపాసిటర్లు, వార్నిష్ పూత, ఇత్తడి సాకెట్లు ఉన్న ఐజీబీటీకి తక్కువ ఏదీ వద్దు. ఒకే పెట్టెలో ఆర్క్, మిగ్ (తీగతో చేసే వెల్డింగు), టిగ్ (టంగ్‌స్టన్ సూదితో చేసేది) మూడూ అని అమ్మేవాటిలో ఆ ధరకి మూడూ సగంసగమే వస్తాయి.

డబ్బు కట్టే ముందు దుకాణంలోనే రాడ్డు కాల్చి చూడాలి. డీసీ కొలిచే క్లాంప్ మీటరు తీసుకెళ్లండి, ఏసీ మీటరు ఇక్కడ పనికిరాదు. డిస్‌ప్లేలో 120 పెట్టి 10 గేజు రాడ్డు కాలుస్తూ కేబుల్ మీద కొలవండి. చవక పెట్టెల డిస్‌ప్లే నాబ్ ఎక్కడుందో చెబుతుందే గాని కరెంటు ఎంత నడుస్తోందో చెప్పదు. 120కి 110 దాకా వస్తే సరే, 85 వస్తే వద్దు. ఒకదాని వెంట ఒకటి ఆపకుండా ఐదు రాడ్లు కాల్చాలి. మధ్యలో పసుపు లైటు వెలిగి ఆగిపోతే డ్యూటీ సైకిల్ ఎంతో తేలిపోయినట్టే. ఆగకుండా కాలి, కమురు వాసన వస్తే ఇంకా చెడ్డది: వేడి చూసి ఆపే థర్మల్ స్విచ్ అక్కడ లేనట్టు. కాల్చడం అయ్యాక సాకెట్టు మీద, మెయిన్ వైరు మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చన దాటకూడదు. చివరగా ఆ మోడల్‌కి మెయిన్ బోర్డు విడిగా దొరుకుతుందా, ఎంతకని అడిగి, వారంటీ నెలలతోపాటు సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించుకోండి.