చిన్న స్పోర్టీ కారులో చోటెంత? వెనక సీట్లో కూర్చుని చూసి రాస్తున్నా

చిన్న స్పోర్టీ కారు కొనాలనుకునే వాళ్ళు ముందు అడిగేది హార్స్‌పవర్ ఎంత, వంద అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది అనే. నేనూ అక్కడే మొదలుపెట్టాను. కానీ ఇంట్లో ఉండబోయేది ఒక్కటే కారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ అందులోనే ఎక్కాలి, పాప చైల్డ్ సీట్ అందులోనే పట్టాలి, స్ట్రోలర్, రెండు సూట్‌కేసులు కూడా అందులోనే సర్దాలి. అందుకే ఈసారి టెస్ట్ డ్రైవ్ కంటే ముందు డ్రైవర్ సీటుని నా ఎత్తుకి జరుపుకుని, దిగి, సరిగ్గా దాని వెనక వెళ్ళి కూర్చున్నాను. మోకాళ్ళు ఆనుతున్నాయా, పాదాలు ముందు సీటు కిందకి వెళ్తున్నాయా, తల పైకప్పుకి తగులుతోందా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

డిక్కీ లీటర్ల లెక్క గురించి ముందే చెప్పాలి. 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలు, అంటే ఒక్కోటి సరిగ్గా ఒక లీటరు, డిక్కీలో ఎన్ని పడతాయో పేర్చి లెక్కపెడతారు. అంత చిన్న దిమ్మె చక్రం గూడు పక్కన సందులోకి కూడా దూరుతుంది. సూట్‌కేస్ దూరదు కదా. అందుకని లీటర్లు దాదాపు సమానంగా ఉన్న రెండు కార్లలో ఒకదానిలో పెట్టె పట్టి, రెండోదానిలో పట్టకపోవచ్చు.

అలాగని ఆ అంకెలు పనికిరానివేమీ కావు. మామూలు కారుకీ దాని స్పోర్ట్ మోడల్‌కీ తేడా చూస్తే ఆ వేగం కోసం మనం ఏం వదులుకుంటున్నామో తెలుస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలోలో 351 లీటర్లు ఉంటే పోలో జీటీఐలో 305. టొయోటా యారిస్‌లో 286 ఉంటే జీఆర్ యారిస్‌లో 174 మాత్రమే. ఎందుకంటే జీఆర్‌లో వెనక చక్రాలకీ పవర్ వెళ్తుంది, ఆ సామాను డిక్కీ కింద చోటు తింటుంది, బరువు సర్దడానికి బ్యాటరీని కూడా వెనక్కి తెచ్చారు. పైకప్పుని వెనకవైపు 91 మిల్లీమీటర్లు కిందకి దించారు, డోర్లు మూడే. పెద్దవాళ్ళు వెనక కూర్చుని దూరం వెళ్ళే కారు కాదది. అయినా దాన్ని నేను తప్పుపట్టను, ర్యాలీ కోసం పుట్టిన కారు కాబట్టి అక్కడ పోయిన ప్రతి లీటరుకీ ఒక కారణం ఉంది. సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్‌లో మాత్రం ఈ కోత లేదు, మామూలు స్విఫ్ట్‌లో ఉన్న 265 లీటర్లే అందులోనూ ఉన్నాయి.

మినీ కారు దగ్గర కాసేపు ఆగాలి. 1959లో దాని డిజైనర్ అలెక్ ఇసిగోనిస్ ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి, పది అడుగుల కారులో నలుగురికి చోటు చేశాడు. అంటే కారు పొడవు తక్కువ కాబట్టి లోపల ఇరుకు తప్పదు అనే మాట నిజం కాదని అప్పుడే తేలిపోయింది. ఇక 2014 నాటి మినీ సంగతి చూస్తే, మూడు డోర్ల దానిలో నాలుగు సీట్లు, 211 లీటర్ల డిక్కీ. అయిదు డోర్ల దానిలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 72 మిల్లీమీటర్లు పెంచారు, అయిదు సీట్లు, 278 లీటర్లు. చూడ్డానికి మూడు డోర్లదే ముద్దుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఇంట్లో పిల్లలుంటే మాత్రం అయిదు డోర్లదే తీసుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంతకుముందు ఒక మూడు డోర్ల కారు (పేరు అనవసరం) కొన్నాళ్ళు వాడాను. పాపని వెనక చైల్డ్ సీట్లో కూర్చోబెట్టాలంటే ముందు సీటుని వంచి ముందుకి తోయాలి, పాపని ఎత్తుకుని నడుం వంచి పక్కకి తిరిగి లోపలికి దూరాలి, ఆ చీకట్లో బెల్టు బకిల్ వేళ్ళతో తడుముకోవాలి. తీరా బయటికొచ్చి సీటు వెనక్కి నెడితే అది ఇందాకటి చోటికి రాదు, మళ్ళీ మొదటినుంచీ సర్దుకోవాలి. డోర్ పొడుగు కాబట్టి పార్కింగ్‌లో పక్కన ఇంకో కారుంటే సగమే తెరుచుకుంటుంది. వర్షంలో ఒకసారి ఇదంతా చేశాక, ఇంక అయిదు డోర్లు లేని కారు వద్దనుకున్నాను.

అందరికీ ఇదే లెక్క వర్తించదు. ఒక్కరే తిరిగేవాళ్ళకి మాజ్డా ఎంఎక్స్-5 చాలు. రెండు సీట్లు, 130 లీటర్ల డిక్కీ, డ్యాష్‌బోర్డులో గ్లవ్‌బాక్స్ కూడా ఉండదు, సీట్ల మధ్య వెనకాల తాళం వేసుకునే చిన్న అర ఉంటుంది. మెత్తటి బ్యాగులైతే పడతాయి, గట్టి పెట్టెలు కష్టం. టొయోటా జీటీ86 వెనక సీట్లో పెద్దవాళ్ళు కూర్చోలేరు కానీ, ఆ సీటు మొత్తం ఒకే పలకలా మడిస్తే రేస్ ట్రాక్‌కి తీసుకెళ్ళే నాలుగు టైర్లు పట్టేలా చేశారు. నాకది చాలా నచ్చింది, ఆ కారు కొనేవాళ్ళకి నిజంగా ఏం కావాలో ఆలోచించి చేసిన పని.

మా ఇంటికి మాత్రం నా ఓటు హ్యుందాయ్ ఐ20 ఎన్‌కే. 204 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు, అయిదు డోర్లు, 352 లీటర్లు, ఇన్నీ ఒకేచోట ఉన్నాయి. దాని తర్వాత పోలో జీటీఐ. ఈ కార్లన్నిటిలో ఒక ఇబ్బంది మాత్రం ఉంటుంది: స్పోర్ట్ సీట్ల అంచులు ఎత్తుగా ఉండి తొడలని పట్టి ఉంచుతాయి. మలుపుల్లో హాయిగానే ఉంటుంది కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ అంచు దాటి దిగడమే పెద్ద పని. అందుకే షోరూమ్‌కి అమ్మని కూడా తీసుకెళ్ళి నాలుగుసార్లు ఎక్కించి దింపాను. స్ట్రోలర్ కూడా పట్టుకెళ్ళి డిక్కీలో పెట్టి తలుపు వేసి చూశాను. అక్కడున్నవాళ్ళు ఏమైనా అనుకుంటారని మొహమాటపడకండి. డిక్కీ అడుగున మ్యాట్ ఎత్తి స్పేర్ టైర్ ఉందా, పంక్చర్ కిట్‌తో సరిపెట్టారా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.