యాప్‌లో నన్ను కట్టిపడేసిన ఒకే ఒక్క పేజీ: ‘తర్వాత ఏం చదివారు’

యాప్ పేరు రాయడం లేదు. తెలుగులో కథలూ వ్యాసాలూ పెట్టుకునే యాప్ అది, వాడేవాళ్ళకు రెండో పేరాకే తెలిసిపోతుంది. ఖాతా ఎలా తెరవాలి, ఫొటో ఎక్కడ పెట్టాలి, ఫాలోవర్లు ఎక్కడ కనిపిస్తారు లాంటివి ఇప్పటికే చాలామంది చెప్పేశారు. నేను చెప్పాలనుకున్నది సెట్టింగుల్లో ఎక్కడో అడుగున పడి ఉన్న ఒక పేజీ గురించి.

మన రచన ఒకటి చదివినవాళ్ళు ఆ వెంటనే మనదే ఇంకేది తెరిచారు, ఏదీ తెరవకుండా ఎందరు వెళ్ళిపోయారు అన్నది ఆ పేజీ చూపిస్తుంది. రంగుల గ్రాఫులేమీ ఉండవు, రెండు నిలువు వరుసల పట్టిక అంతే. లైకులు చూడటం మానేసి ఇది చూడటం మొదలుపెట్టాక నా రాతే మారింది.

నేను కర్నూలు మార్కెట్ యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. పగలంతా బస్తాల లెక్కలు, రాత్రి భోజనమయ్యాక రాతలు. ఉల్లిగడ్డ గురించి రాస్తాను, కె.సి. కాలువ (కర్నూలు-కడప కాలువ) గురించి రాస్తాను, ఉగ్గాణి, జొన్నరొట్టె గురించి రాస్తాను. ‘ఒక్క సబ్జెక్ట్ పట్టుకో, అప్పుడే జనం నిలుస్తారు’ అని చెప్పనివాళ్ళు లేరు. మా బావమరిదైతే ‘ఉగ్గాణి రాసేవాడు ఉల్లి ధర చెప్తే ఎవడు నమ్ముతాడు బావా’ అని మొహం మీదే అనేశాడు. అతని మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ పేజీ దగ్గర ఉంది.

ముందు వజ్రాల సంగతి. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల చేలల్లో జనం దిగిపోతారు. వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలుతాయని ఆశ. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా పిల్లాజెల్లాతో వస్తారు, చెట్ల కింద వండుకుంటారు. ఒక ఆదివారం నేనూ వెళ్ళి చూసి వచ్చి రాశాను. నడుం వంచి నేలకేసి చూస్తూ నడిచే మనుషులు, విత్తనం పడిన చేను తొక్కుతున్నారని కసురుకునే రైతు, మెరిసిన ప్రతి రాయినీ నోట్లో పెట్టి చూస్తున్న ఓ ముసలాయన. ఆ వ్యాసం పేలిపోయింది. నా జన్మలో అంతమంది చదవలేదు. ఇక వజ్రాలే రాద్దామా అన్నంత ఊపు వచ్చింది.

ఆ ఊపులోనే పట్టిక తెరిచాను. వజ్రాల వ్యాసం ఎదురుగా ‘బయటికి వెళ్ళారు’ అన్న గడి దాదాపు నిండిపోయి ఉంది. రెండో వరుసలో కాలువ లేదు, రొట్టె లేదు, ఏదీ లేదు. జాతరకు వచ్చిన జనంలా వచ్చారు, చూశారు, బండెక్కారు.

దాని కిందే తక్‌పట్టీ మీద రాసిన వ్యాసం ఉంది. అది ఎవరైనా చదువుతారని నేనే అనుకోలేదు. రైతు సరుకు అమ్మాక కొట్టులో రాసిచ్చే చీటీ అది. బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాలుకు పడిన ధర ఎంత, అందులోంచి తరుగు, హమాలీ, కాటా కూలి, అడ్వాన్సు ఉంటే అది, అన్నీ పోను చివర చేతికొచ్చే మొత్తం. మేం రాసేది పొట్టి అక్షరాల్లో, గీతల్లో. యార్డులో తిరిగేవాళ్ళకు తప్ప వేరొకరికి అర్థం కాదు. ఒక నమూనా చీటీ తీసుకుని గీత గీతకూ అర్థం రాసి, ఏ కోత దగ్గర రైతు నిలబడి అడగాలో చెప్పాను. చదివినవాళ్ళు తక్కువే. కానీ వాళ్ళలో సగం మంది అక్కడి నుంచి నేరుగా కాలువ వ్యాసానికి వెళ్ళారు. కాలువ నుంచి జొన్నరొట్టెకు వెళ్ళారు.

ఉల్లి చీటీకీ, జొన్నరొట్టెకీ ఏం సంబంధం? కొన్నాళ్ళు అర్థం కాలేదు. ఒక అమ్మాయి మెసేజ్ పెట్టాక తెలిసింది. హైదరాబాదులో ఉద్యోగం, సొంతూరు సుంకేసుల దగ్గర. ‘అన్నా, మా నాయన తక్‌పట్టీ ఫొటో తీసి పంపిస్తాడు. ఇన్నాళ్ళూ చివరి అంకె ఒక్కటే చూసేదాన్ని. మీది చదివి ఫోన్ చేసి తరుగు ఎందుకు అంత తీశారని అడగమన్నా’ అని రాసింది. ఆ కిందే ఇంకో వాక్యం: ‘మా ఇంటి ముందు పారే కాలువను కంపెనీవాళ్ళు తవ్వించారని మీరు రాసేదాకా తెలీదు.’

ఆ అమ్మాయి చదివింది ఇదీ. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఆంగ్లేయుల ప్రైవేటు కంపెనీ సుంకేసుల ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప వైపు కాలువ తవ్వించింది. సాగునీళ్ళకే కాదు, పడవలు నడపడానికి కూడా. లాభం రాక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. నేనిది చరిత్ర ఇష్టపడేవాళ్ళ కోసమని రాశాను. తీరా చదివింది ఉల్లి పండించే ఇంటి పిల్లలు. ఆ పిల్లలే హాస్టల్ గదిలో బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసుకోవాలని చూసి, గట్టిగా పిండకపోతే ముద్దయిపోతుందని నా దగ్గర చదివారు. నేను మూడు రకాల పాఠకులు అనుకున్నది ఒకే రకం మనుషుల్ని.

అప్పటి నుంచి కొత్త విషయం ఎత్తుకునేటప్పుడు ‘ఇది ట్రెండింగా’ అని చూడటం లేదు. తక్‌పట్టీ చదివిన ఆ ఇంట్లోవాళ్ళకు ఇది పట్టేదేనా అని చూస్తున్నా. ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్‌కు ఎందుకు వెళ్తుందో రాస్తే పట్టింది. సెల్‌ఫోన్ల మీద రాస్తే పట్టలేదు. దసరా రాత్రి జరిగే దేవరగట్టు కర్రల సమరం మీద రాస్తే వజ్రాల మాదిరే కొత్త జనం వచ్చారు, కానీ ఈసారి పాతవాళ్ళూ చదివారు. పండక్కి ఊరొచ్చేవాళ్ళు కదా.

ఇంత పొగిడాక చెప్పక తప్పని సంగతి ఒకటుంది. ఈ పేజీ లాగిన్ అయి చదివేవాళ్ళనే లెక్కపెడుతుంది. వాట్సాప్‌లో లింకు నొక్కి వచ్చేవాళ్ళంతా ‘ఇతరులు’. వజ్రాల వ్యాసం ఎక్కువగా తిరిగింది వాట్సాప్ గ్రూపుల్లోనే. వాళ్ళు నిజంగా బయటికే వెళ్ళారో, మర్నాడు ఇంకో దారిన వచ్చి కాలువ చదివారో ఈ పట్టికకు తెలియదు. అంటే వజ్రాల జనాన్ని నేను కొట్టిపారేసింది సగం లెక్కతోనే. ఇంకోటి, ప్రొఫైల్లో ‘ప్రధాన విషయం’ ఒక్కటే ఎంచుకోనిస్తారు. నేను వ్యవసాయం పెట్టాను. దాంతో యాప్ నా ఉల్లి వ్యాసాల్ని కొత్తవాళ్ళకు చూపిస్తుంది, రొట్టెను చూపించదు. రెండు మూడు విషయాలు రాసేవాళ్ళకు అంత మంచి పేజీ ఇచ్చి, ఇక్కడ చేయి కట్టేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అడిగితే ‘మీ సూచనకు ధన్యవాదాలు’ అని మెయిల్ వచ్చింది.

మరి నాలుగు విషయాలు రాయొచ్చా అంటే, నా సంగతి వేరు. నాకు కొట్టులో జీతం వస్తుంది, రాతల మీద ఇల్లు గడవదు. పొద్దున గేటు దగ్గర నిలబడితే చాలు, రాయాల్సినవి బస్తాలతో పాటు దిగుతాయి. నాకు తెలిసినాయన ఒకరు పోటీ పరీక్షల కరెంట్ అఫైర్స్ తప్ప ఇంకేదీ ముట్టడు. నాకంటే ఎన్నో రెట్లు ఫాలోవర్లు, నెలనెలా డబ్బూ వస్తుంది. ఆయన వచ్చి సలహా అడిగితే ఉన్నదాన్ని కదపొద్దనే చెప్తాను.

పత్తి మీద రాయమని ఆదోని నుంచి అడుగుతున్నారు. పత్తి మార్కెట్ నాకు తెలియదు, కాబట్టి ఇప్పట్లో లేదు. వాడదలచుకున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఉచిత ఖాతాలో ఈ పేజీ చివరి మూడు నెలల లెక్కే చూపిస్తుంది, పాతది కావాలంటే డబ్బు కట్టాలి. నేను కట్టలేదు. నెలాఖరున కొట్టు చిట్టా రాసేటప్పుడే దీన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాను.