ఏడుగురి ఆట ఇద్దరితో ఆడాలంటే: డిప్లొమసీకి ఏ పద్ధతి మేలు?

డిప్లొమసీ ఏడుగురు ఆడే ఆట. విజయనగరంలో ఏడుగురిని ఒక మ్యాప్ చుట్టూ కూర్చోబెట్టడం సంక్రాంతికో, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కో తప్ప కుదరదు. వైజాగ్, హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాల నుంచి మా వాళ్లంతా ఇంటికి చేరేది అప్పుడే. మిగతా ఏడాదంతా మిగిలేది మా బావ, నేను. ఇద్దరమే కదా అని పెట్టె అటక మీద పెట్టేయడానికి మనసొప్పలేదు. దీన్ని ఇద్దరికి సరిపోయేలా మార్చే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఏది ఆటని బతికిస్తుంది, ఏది మ్యాప్‌ని మాత్రమే మిగులుస్తుంది అన్నది ఆడి చూస్తేనే తెలుస్తుంది.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆలన్ క్యాలమర్ అనే అమెరికన్ 1959లో దీన్ని సొంత ఖర్చుతో 500 కాపీలు వేయించి అమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందరి యూరప్ మ్యాప్, ఏడు రాజ్యాలు. రష్యాకి నాలుగు దళాలు, మిగతా ఆరింటికి మూడేసి. మ్యాప్ మీద దళాల్ని పోషించే చోట్లు, అంటే సప్లై సెంటర్లు, మొత్తం 34 ఉంటాయి. ఎన్ని సెంటర్లుంటే అన్ని దళాలు, 18 పట్టినవాడు గెలుస్తాడు. ఆటలో ఒక్కో ఏడాదికి వసంతం, శరత్తు అని రెండు ఎత్తులు. శరత్తు అయ్యాక సెంటర్లు లెక్కపెట్టి, చలికాలంలో కొత్త దళాలు దించుతారు. పాచికలు లేవు, అదృష్టం లేదు. ప్రతి దళం బలం ఒకటే. ఒక చోటికి ఇద్దరు సమాన బలంతో వస్తే ఇద్దరూ వెనక్కి పోవాల్సిందే. ఎదుటివాణ్ని కదపాలంటే పక్క దళం సపోర్ట్ కావాలి. మనకున్నవే మూడు దళాలు కాబట్టి ఆ సపోర్ట్ చాలాసార్లు పక్క రాజ్యం నుంచి అడిగి తెచ్చుకోవాలి. ఆర్డర్లు అందరూ రహస్యంగా కాగితం మీద రాసి, ఒకేసారి తెరుస్తారు. సపోర్ట్ ఇస్తానన్నవాడు ఇచ్చాడా, చేయిచ్చాడా అన్నది అప్పుడే బయటపడుతుంది.

ఈ ఆట ప్రాణం అంతా ఆ క్షణంలోనే ఉంది. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను: కాగితాలు తెరిచేటప్పుడు ఇంకా గుండె కొట్టుకుంటోందా, లేదా?

రూల్ బుక్ చెప్పే పద్ధతి: మూడు రాజ్యాలు నీకు, మూడు నాకు

ఇద్దరే ఉంటే ఏం చేయాలో ఆట రూల్ బుక్‌లోనే ఉంది. ఒకరికి ఇంగ్లండ్, ఫ్రాన్స్, రష్యా. ఇంకొకరికి ఆస్ట్రియా, జర్మనీ, టర్కీ. ఆట 1914లో మొదలవుతుంది. ఇటలీ తటస్థం, దాని నేల మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. 1914 శరత్తు లెక్కలకి ముందు నాణెం ఎగరేస్తారు. టాస్ గెలిచినవాడి పక్షాన ఇటలీ 1915 వసంతంలో చేరుతుంది. గెలవడానికి 24 సెంటర్లు కావాలి.

చరిత్ర ఇష్టమైనవాళ్లకి ఇది ముచ్చటగా ఉంటుంది. నిజంగానే ఇటలీ 1914లో తటస్థంగా ఉండి, 1915 మే నెలలో మిత్రరాజ్యాల వైపు దిగింది. మ్యాప్ మొత్తం వాడుకలోకి వస్తుంది, నార్వే నుంచి స్మిర్నా దాకా ఎక్కడా ఖాళీ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి బడి లేదు. ఒక్క ఆటలోనే ఆరు రాజ్యాల మొదటి ఎత్తులు చేతికి అలవాటవుతాయి.

తేడా ఎక్కడొస్తుందో చెప్తాను. నల్ల సముద్రంలో టర్కీ ఓడ ఉంది, రుమేనియాలో ఆస్ట్రియా సైన్యం ఉంది. టర్కీ ఓడ సెవాస్టపోల్ మీదికి వెళ్లాలి, ఆస్ట్రియా సపోర్ట్ ఇవ్వాలి. ఏడుగురి ఆటలో ఈ ఒక్క ఆర్డర్ కోసం ఆస్ట్రియా ఆడేవాణ్ని వాకిట్లోకి పిలిచి పావుగంట బతిమాలాలి. బల్గేరియా వదిలేస్తానని ఆశ పెట్టాలి. అప్పటికీ వాడు చివరి నిమిషంలో సపోర్ట్ మానేసి, అదే సైన్యంతో బల్గేరియాలోకి దిగడని నమ్మకం లేదు. ఇద్దరి ఆటలో రెండు ఆర్డర్లూ ఒకే చెయ్యి రాస్తుంది. సపోర్ట్ ఖాయం. కాగితం తెరిచినప్పుడు ఎదుటివాడి ఎత్తు గురించి ఉత్కంఠ ఉంటుంది గానీ, సొంత పక్షం గురించి ఉండదు. అప్పుడది మంచి యుద్ధపు ఆటే, డిప్లొమసీ మాత్రం కాదు.

నాణెం సంగతి ఇంకోటి. మొదట్లో ఒక వైపు పది దళాలు, ఇంకో వైపు తొమ్మిది. ఇటలీవి మూడు. టాస్ ఇటు పడితే పదమూడు, తొమ్మిది. అటు పడితే పది, పన్నెండు. అదృష్టమే లేని ఆటలోకి ఇంత పెద్ద అదృష్టాన్ని తెచ్చిపెట్టడం నాకు మింగుడుపడదు.

ఫ్రాన్స్, ఆస్ట్రియా మాత్రమే

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకి బాగా తెలిసిన పద్ధతి ఇది. మ్యాప్ అదే, రాజ్యాలు రెండే. ఫ్రాన్స్‌కి మూడు దళాలు, ఆస్ట్రియాకి మూడు. మిగతా 28 సెంటర్లూ ఖాళీ, ఎవరు ముందు చేరితే వాళ్లవి. గెలుపు మామూలుగానే 18.

ఇది పరుగు పందెం. కొత్త దళాల్ని సొంత రాజ్యంలోని మూడు సెంటర్లలోనే, అవి ఖాళీగా ఉంటేనే దించాలన్న మామూలు నియమం ఇక్కడ చాలా పెద్దదైపోతుంది. మొదటి ఏడాది మూడు దళాలతో మూడు సెంటర్లు పడితే ఆరు దళాలు. రెండో ఏడాది ఆరూ ఆరు పట్టినా దించగలిగేది మూడే, అంటే తొమ్మిది దళాలు. చేతిలో సెంటర్లున్నా దళాలుండవు. ఏ దళం ఇల్లు వదిలి ఎప్పుడు కదలాలి, పారిస్ ఖాళీ చేయడానికి ఒక సీజన్ ఆలస్యమైతే ఎంత నష్టం అన్న లెక్కలన్నీ ఇక్కడే నేర్చుకోవచ్చు. రెండు సైన్యాలూ జర్మనీ, ఇటలీ దగ్గర ఎదురుపడేసరికి ఆట సగం తేలిపోయి ఉంటుంది.

టైమ్ తక్కువ ఉన్న రోజున నేను దీన్నే పట్టుకుంటాను. రాయాల్సిన ఆర్డర్లు తక్కువ, గొడవలు తక్కువ, చదరంగం ఇష్టపడేవాళ్లకి చక్కగా నప్పుతుంది. పొత్తులు, అపనమ్మకం, మూడోవాడు ఇందులో మచ్చుకైనా ఉండవు. వాటిని ఇవ్వగలనని ఈ పద్ధతి చెప్పుకోదు కూడా, అందుకే దీని మీద నాకు ఫిర్యాదు లేదు.

నిలబడిపోయే రాజ్యాలు

చెరో రాజ్యం తీసుకుని, మిగతా ఐదింటినీ ఉన్నచోటే నిలబెట్టడం ఇంకో దారి. ఆటగాడు మధ్యలో లేచిపోతే ఏం చేయాలో రూల్ బుక్‌లో ఉన్న నియమమే ఇది. ఆ దళాలు కదలవు, ఒకదానికొకటి సపోర్ట్ ఇచ్చుకోవు, తోసేస్తే మ్యాప్ మీంచి పోతాయి. రిస్క్ ఆటలో ఇద్దరి కోసం పెట్టిన తటస్థ సైన్యం దీనికి దగ్గర చుట్టం. అక్కడ 42 ప్రాంతాల్ని మూడు వాటాలు చేసి ఒక వాటా ఎవరిదీ కాని సైన్యానికి ఇస్తారు. దాని మీద దాడి జరిగితే దాని తరఫున పాచికలు వేసేది ఎదుటివాడు. పాచికలుండడం వల్ల రిస్క్‌లో ఆ తటస్థ సైన్యం కూడా ఒక్కోసారి ఎదురుతిరిగి కొడుతుంది. డిప్లొమసీలో పాచికలు లేవు కాబట్టి నిలబడ్డ సైన్యం ఉత్త గోడే. రెండు దళాలతో వెళ్తే గోడ కూలుతుంది, ప్రతిసారీ కూలుతుంది. దీనికంటే ఫ్రాన్స్, ఆస్ట్రియాల ఆటే నయం.

వేలం

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చినదాని దగ్గరికొస్తాను. డిప్లొమసీ అభిమానుల్లో ఇంటిమేట్ డిప్లొమసీ అనే పేరుతో ఒక పాత పద్ధతి ఉంది. చెరో సొంత రాజ్యం ఉంటుంది, మిగతా ఐదు రాజ్యాల్నీ ఏటేటా వేలంలో కొనుక్కోవాలి. దాని ఆలోచన తీసుకుని మా ఇంట్లో తేలిగ్గా ఆడుకునేలా మార్చుకున్నాం.

డబ్బుకి చింతపిక్కలు. మొదట చెరో పన్నెండు. ఆ తర్వాత ఏటా సొంత రాజ్యానికి ఎన్ని సెంటర్లుంటే అన్ని పిక్కలు కలుస్తాయి. వసంతానికి ముందు ఇద్దరూ చీటీ మీద ఐదు రాజ్యాల పేర్లూ రాసి, ఒక్కోదానికి ఎన్ని పిక్కలో వేస్తారు. మొత్తం చేతిలో ఉన్నదాన్ని దాటకూడదు. ఎక్కువ పాడినవాడిది ఆ రాజ్యం, ఆ ఏడాదికే. ఆర్డర్లూ వాడే రాస్తాడు, చలికాలంలో దళాలు దించేదీ వాడే. పాడినన్ని పిక్కలు గెలిచినవాడు చెల్లిస్తాడు, ఓడినవాడివి వాడి దగ్గరే ఉంటాయి. సమానంగా పాడితే ఎవరికీ ఖర్చు లేదు, ఆ రాజ్యం ఆ ఏడాది కదలదు. శరత్తు ముగిసేసరికి ఎదుటివాడి సొంత రాజ్యంలోని ఏదో ఒక సెంటర్లో తన సొంత దళం నిలబడ్డవాడు గెలిచినట్టు. అద్దె దళాలు అక్కడికి చేరినా గెలుపు కాదు, నష్టం మాత్రం చేస్తాయి.

ఒక ఆట చూడండి. నాది ఫ్రాన్స్, బావది టర్కీ. మొదటి ఏడాది ఇటలీకి నేను ఐదు వేశాను, బావ మూడు. ఇటలీ నాది. జర్మనీ తను కొన్నాడు. తన మ్యూనిక్ సైన్యం వసంతంలో రూర్‌కి కదలగానే, నేను వెనిస్‌లోని ఇటలీ సైన్యాన్ని టైరోలియాకి తెచ్చి ఉంచాను. శరత్తులో అది మ్యూనిక్‌లోకి దిగింది. జర్మనీకి ఒక సెంటర్ పోయింది, నాకు పండగ. తర్వాతి వేలంలో బావ ఇటలీకి ఏడు పాడాడు. నేను నాలుగు దగ్గరే ఆగిపోయాను. అంతే, మ్యూనిక్‌లో ఉన్న ఆ సైన్యం ఇప్పుడు బావది. మ్యూనిక్ పక్కనే బర్గండీ, బర్గండీని ఆనుకుని ఒక వైపు పారిస్, ఇంకో వైపు మార్సెయ్. నా పిక్కలతో కొని, నా ఆర్డర్లతో నడిపించి తెచ్చిన సైన్యం నా గుమ్మంలో నిలబడింది. స్పెయిన్ వైపు పోవాల్సిన దళాన్ని ఇంటి కాపలాకి ఆపాల్సొచ్చింది.

"ఏటి బావా, నువ్వు తెచ్చి పెట్టిన సైన్యమే కదా, అంత టెన్షన్ ఎందుకు?" అన్నాడు బావ, పిక్కలు లెక్కపెట్టుకుంటూ.

ఏడుగురి ఆటలో ఉండే ఆ భయం ఇక్కడ మళ్లీ దొరికింది. ఈ ఏడాది నావాడైనవాడు వచ్చే ఏడాది ఎవరివాడో తెలియదు. అందుకని కొన్న రాజ్యాన్ని కూడా పూర్తిగా బలపరచలేం. ఆస్ట్రియా నా చేతిలో ఉన్నప్పుడు దాన్ని టర్కీ మీదికి తోయాలి, కానీ రేపు అది నా మీదికి తిరగలేనంత దూరంలో ఉంచాలి. పైగా పిక్కలు దాచుకుంటున్నవాణ్ని చూస్తే వీడు వచ్చే ఏడాది దేనికో పెద్ద పాట పాడతాడని అనుమానం మొదలవుతుంది.

మన ఊరివాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. బొబ్బిలి, విజయనగరం మధ్య తగవు రెండు సంస్థానాలదే. కానీ 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది ఫ్రెంచి బుస్సీ సేన పూసపాటి విజయరామరాజు పక్షాన దిగడం వల్ల. ఆ మూడో సేన అటు వెళ్తే కథ వేరేలా ఉండేది. ఇద్దరి పోరులో కూడా మూడోవాడు ఎవరి చేతికి చిక్కుతాడన్నదే తేలుస్తుంది. మూడు-మూడు పద్ధతి ఆ మూడోవాణ్ని నాణేనికి వదిలేసింది. ఫ్రాన్స్, ఆస్ట్రియాల పద్ధతి వాణ్ని తీసే పారేసింది. వేలం ఒక్కటే వాణ్ని ఏటా మళ్లీ బేరానికి పెడుతుంది.

దీని బరువు దీనికీ ఉంది. సాయంత్రం మొదలుపెడితే రాత్రి భోజనాలు ఆలస్యమవుతాయి. ఏటా చీటీలు, లెక్కలు, పైన ఆర్డర్లు. కొత్తవాడితో మొదటి ఆటే ఇది ఆడితే వాడికి తల తిరుగుతుంది, వాళ్లకి మూడు-మూడే పెట్టండి. ఇంకా, వాకిట్లోకి పిలిచి గుసగుసలాడడం, ఒట్లు, అలకలు ఏ ఇద్దరి పద్ధతిలోనూ తిరిగి రావు. అవి సిరిమాను పండక్కి అందరూ వచ్చినప్పుడే.

వేలం పద్ధతికి దిగేవాళ్లు సొంత రాజ్యాల్ని చూసి ఎంచుకోండి. ఆస్ట్రియా, ఇటలీ వద్దు. ట్రియెస్ట్, వెనిస్ పక్కపక్కనే ఉన్నాయి, వేలం వేడెక్కకముందే ఆట ముగిసిపోతుంది. ఫ్రాన్స్, టర్కీ మంచి జోడీ. ఇంగ్లండ్, టర్కీ అయితే మరీ దూరం, పొద్దుపోయేదాకా తేలదు. జర్మనీ తీసుకునేవాడికి నాలుగు వైపులా దారులుంటాయి కాబట్టి మొదట్లో రెండు పిక్కలు ఎక్కువిచ్చి కూర్చోబెట్టడం న్యాయం. మ్యాప్ ఏ3 కాగితం మీద కలర్ ప్రింట్ తీయిస్తే చాలు, దళాలకి చొక్కా గుండీలు సరిపోతాయి. పిక్కలు మాత్రం నల్లవి, ఒకే సైజువి ఏరి పెట్టుకోండి. గుప్పిట్లో ఎన్నున్నాయో ఎదుటివాడు చూపుతో లెక్కపెట్టలేకుండా ఉండాలి.