పాత పికప్ మిస్సింగ్ కొడితే ముందు ఏది: నాజిళ్లా, స్కానరా, డీజిల్ లైనా?

"అన్నా, బండి ఘాట్‌లో లాగట్లేదు. ఎక్సలేటర్ తొక్కితే ఒక క్షణం ఆగి అప్పుడు అందుకుంటోంది. స్లోలో పెడితే ఊగిపోతోంది. నాజిళ్లు తీసి పంపు షాపులో ఇచ్చేయమంటావా?" మదనపల్లెలో టమాటా సీజన్ మొదలైతే వారానికి ఇద్దరు ముగ్గురు ఈ మాట పట్టుకుని వస్తారు. బొలెరో పికప్ అయినా, టాటా 207 అయినా, పదేళ్లు దాటిన డీజిల్ బండి ఏదైనా ప్రశ్న ఇదే. ఇంజిన్ ఇలా మధ్యమధ్యలో తడబడడాన్నే మిస్సింగ్ అంటాం. ఎయిర్ ఫిల్టర్ విదిలించారు, డీజిల్ ఫిల్టర్ మార్చారు, ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలేశారు, అయినా తగ్గలేదు. అక్కడి నుంచే మాట్లాడతాను.

మూడు దారులున్నాయి. నాజిళ్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి), పంపు విప్పి, పంపు షాపులో పరీక్షించే బెంచ్ మీద వేయించడం ఒకటి. బండి కంప్యూటర్‌లో పడ్డ తప్పుల కోడ్లు చదివే స్కానర్ పెట్టించడం రెండోది. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే డీజిల్ లైన్‌ని ముందు అనుమానించడం మూడోది. నా ఓటు మూడోదానికే. ఎందుకో చెబుతాను.

నాజిళ్ల దారిని తీసిపారేయలేం. నాజిల్ మొన అరిగితే డీజిల్ పొగమంచులా చిమ్మాల్సింది చుక్కలుగా కారుతుంది. సరిగా కాలదు, పొగ వస్తుంది, ఇంజిన్ టకటకమంటుంది. బెంచ్ మీద వేస్తే ఆ తేడా కళ్లతోనే చూడొచ్చు. మెకానికల్ పంపున్న పాత బండిలో అయితే ఇంకో సులువైన పరీక్ష ఉంది. బండి నిలబెట్టి, ఇంజిన్ స్లోలో (ఎక్సలేటర్ తొక్కకుండా) ఉండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి చూస్తారు. నట్టు వదిలినా ఇంజిన్ చప్పుడు మారలేదంటే ఆ సిలిండర్ ముందే పనిచేయట్లేదన్నమాట. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం (రైల్) నుంచి ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ అందే కామన్ రైల్ బండిలో మాత్రం ఈ పని పొరపాటున కూడా చేయకండి. ఆ పైపుల్లో ప్రెజర్ వెయ్యి బార్ దాటుతుంది. సన్నటి ధార తగిలినా చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి పోగొట్టుకోవాల్సి వస్తుంది.

నాజిళ్ల దారిలో కష్టమల్లా బండి ఆగిపోవడం. విప్పాలి, పంపు షాపుకి తీసుకెళ్లాలి, వాళ్ల వరుస వచ్చేదాకా ఆగాలి. సీజన్‌లో మూడు రోజులు బండి నిలబడితే మూడు లోడ్లు పోయినట్టే. పైగా నాజిళ్లు బాగానే ఉన్నాయని తేలితే మళ్లీ మొదటికొస్తాం.

స్కానర్ సంగతికొస్తే, మెకానికల్ పంపు బండికి దానితో పనే లేదు. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్-4 అనే పొగ కాలుష్య నియమం వచ్చాక అమ్మిన పికప్‌లలో చాలావరకు కామన్ రైలే కాబట్టి వాటికి పనికొస్తుంది. అయితే స్కానర్ ఏం చెబుతుందో సరిగా వినాలి. "రైల్ ప్రెజర్ తక్కువ" అని కోడ్ వస్తే, ప్రెజర్ తక్కువుందని మాత్రమే అర్థం. పంపు అరిగినా, ప్రెజర్ వాల్వ్ పోయినా, ఇంజెక్టర్ (నాజిల్ ఉండే భాగం) డీజిల్‌ని ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపులోకి ఎక్కువ వదిలేస్తున్నా, వెనక నుంచి డీజిల్‌తో పాటు గాలి వస్తున్నా అదే కోడ్ పడొచ్చు. ఈ నాలుగింటిలో దేనివల్లో కోడ్ చెప్పదు. ఆ కోడ్ చూసి వేలు పోసి వాల్వ్ మార్చినవాళ్లని చూశాను. మిస్సింగ్ అలాగే ఉంది.

ఇక లైన్. అసలు విషయం ఇక్కడుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ఎక్కడుందో చూసుకోండి. దానికి ముందున్నదంతా పీల్చే వైపు. చాలా బండ్లలో ఫిల్టర్ కూడా ఆ వైపే ఉంటుంది. ఆ వైపు ఎక్కడైనా సన్నటి పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. తడి కనబడదు, వాసన రాదు, బండి కింద మరక పడదు. అందుకే ఎంత మంచి మెకానిక్ అయినా చూపుతో పట్టుకోలేడు. గాలి బుడగ పంపులోకి వెళ్లినప్పుడల్లా ఇంజిన్ ఒక గుటక తప్పుతుంది. మెల్లగా వెళ్లేటప్పుడు కావలసిన డీజిల్ తక్కువ కాబట్టి గడిచిపోతుంది. ఘాట్‌లో పూర్తిగా తొక్కినప్పుడు పీల్చుడు పెరిగి గాలి కూడా ఎక్కువ లాగుతుంది.

నా 2011 మోడల్ బండి సరిగ్గా ఇలాగే చేసింది. చెన్నైలో టమాటా దించి, ఖాళీ క్రేట్లతో వస్తూ చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో కూడా ఊగిపోయింది. ఖాళీ బండి! నాజిళ్లు విప్పించాను. నాలుగూ బాగున్నాయన్నారు. చివరికి దొరికింది వెనక యాక్సిల్ పైన, ఇనప పైపుకి రబ్బరు పైపు తగిలించిన చోట. క్లిప్పు చుట్టూ దుమ్ము పొడిగా, కదలకుండా ఉంది. క్లిప్పు తీసి రబ్బరుని వేళ్ల మధ్య వంచితే దాని కింద వెంట్రుకవాసి పగుళ్లు విచ్చుకున్నాయి. జానెడు పైపు మారిస్తే బండి మామూలైపోయింది.

పట్టుకునే పద్ధతి ఇది. ఫిల్టర్‌కి, పంపుకి మధ్య మూరెడు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి బండి స్టార్ట్ చేయండి. ఫిల్టర్ మార్చిన వెంటనే నాలుగు బుడగలు రావడం మామూలే. ఎక్సలేటర్ తొక్కి రెండు మూడు నిమిషాలు పట్టుకున్నా బుడగలు వరసగా వస్తూనే ఉంటే లైన్‌లో గాలి ఉన్నట్టే.

అప్పుడు డబ్బా పెట్టండి. శుభ్రమైన ఐదు లీటర్ల డబ్బాలో మంచి డీజిల్ పోసి, ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, డబ్బా నుంచి ఫిల్టర్‌కి పైపు ఇవ్వండి. ఫిల్టర్‌ని మాత్రం తప్పించకండి, ముఖ్యంగా కామన్ రైల్‌కి. రిటర్న్ పైపుని కూడా డబ్బాలోనే వేయండి, లేకపోతే డబ్బాలో డీజిల్ అంతా ట్యాంకులోకి పోతుంది. ఘాట్ మీద చూడాలంటే డబ్బాని ట్రాలీలో క్యాబిన్ వెనక తాడుతో బిగించి కట్టండి. పైపులు సైలెన్సర్‌కి, టర్బోకి తగలకూడదు. డబ్బాతో బండి నున్నగా లాగితే తప్పు ట్యాంకుకి, ఫిల్టర్‌కి మధ్యలో ఉంది. డబ్బాతోనూ అదే ఊగుడు, పారదర్శక పైపులో బుడగ కూడా లేదంటే అప్పుడు నాజిళ్లు, పంపు విప్పించండి. ఇక ఆ ఖర్చు దండగ కాదు. నాజిళ్ల పరీక్ష నాజిళ్ల సంగతే చెబుతుంది. ఈ డబ్బా తప్పు ఏ సగంలో ఉందో అరగంటలో తేల్చేస్తుంది.

ఇంకో గుర్తు. ఫుల్ ట్యాంకు ఉన్నప్పుడు బాగుండి, సగానికి దిగాక మిస్సింగ్ మొదలైతే ట్యాంకు లోపల పీల్చే గొట్టానికి చిల్లు పడిందేమో చూడండి. డీజిల్ ఆ చిల్లు కిందికి దిగగానే గాలి లాగడం మొదలవుతుంది. పొద్దున్నే చేతి పంపు కొడితే తప్ప స్టార్ట్ కాకపోవడం కూడా ఈ కుటుంబంలోదే. రాత్రంతా లైన్‌లో డీజిల్ వెనక్కి జారిపోతుంది.

మిగతావి రెండు ముక్కల్లో. నల్లపొగ దట్టంగా వచ్చి, ఈలలాంటి శబ్దంతో లాగడం తగ్గితే టర్బో పైపు చీలిందేమో చూడండి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఆయిల్ మూత తీస్తే గాలి గట్టిగా తన్నుతుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించాలి, అది వేరే కథ.

పైపు మార్చేటప్పుడు డీజిల్‌కి తగిన పైపే వేయండి. నీళ్ల పైపు ముక్క రెండు నెలల్లో మెత్తబడి మళ్లీ గాలి పీలుస్తుంది. బాంజో బోల్టు (డీజిల్ పైపు చివర బిగించే, లోపల రంధ్రం ఉన్న బోల్టు) విప్పిన ప్రతిసారీ కాపర్ వాషర్లు కొత్తవి వేయమని మీ మెకానిక్‌కి మరీ మరీ చెప్పండి. పాత వాషర్ చూడ్డానికి బాగానే ఉంటుంది, గాలి మాత్రం ఆపదు.